ఎనిమిదో ఇంటివాడి ముఖం

ఆసిఫాబాద్,
26 జూలై 1965.

జలపతిరావు బావగారికి,
రాజేశ్వర్‌రావు నమస్కారం.

మీ కళ్లకు పొరలు వచ్చినందున ఈ ఉత్తరం మీ చిన్న చెల్లెలు అనసూర్య చదివి వినిపిస్తుందని తెలుసు. తెలిసే రాస్తున్నాను. ఆమె అక్క సంగతే కనుక ఆమె కూడా విననీ.

సరళ చివరి రోజును నాకు తెలిసినంతవరకు వరుసగా రాసి పెడుతున్నాను. తప్పులుంటే దిద్దండి.

పదమూడో తారీకు, మంగళవారం. పొద్దున ఎనిమిదో తరగతికి సైన్సు పాఠం చెబుతుండగా బడికి తంతి వచ్చింది. ‘సరళకు బాగా లేదు, రండి’ అని ఉంది. లారీ పట్టుకొని స్టేషను చేరాను. పాసింజరు పెద్దపల్లిలో దింపేసరికి రెండు దాటింది. అక్కడినుంచి బస్సు. మంథనిలో మీ గడప తొక్కేసరికి నాలుగుంబావు.

నేను కాన్పుకు పుట్టింటికి పంపిన సరళ వెనక అర్రలో చాప మీద ఉంది. చాప కింద గోనెసంచులు పరిచారు. అవి తడిసి ఉన్నాయి. ఏడో నెల. బిడ్డ కడుపులోనే పోయిందన్నారు. చుట్టాల ఆడవాళ్లు నలుగురు గుమ్మం బయట కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకొని నిలబడ్డారు. లోపల అనసూర్య ఒక్కతే తొట్టిలో బట్టలు పిండుతోంది. నీళ్లు నాలుగోసారి మారుస్తున్నానంది.

సరళ నన్ను గుర్తుపట్టింది. “పేపర్ల అచ్చిందా?” అని అడిగింది. ఏం వచ్చిందో నాకు అర్థం కాలేదు. జ్వరంలో మాట అనుకున్నాను. రాలేదన్నాను. తర్వాత మాట్లాడలేదు. అయిదున్నరకు పోయింది. డాక్టరు వచ్చి చూసి, “పొద్దున్నే కరీంనగర్ తీసుకుపోవలసింది” అని వెళ్లిపోయాడు. అందుకు మాట్లాడిన జీపు రాలేదని మీరు నాతో చెప్పారు.

మర్నాడు పాడె కట్టారు. మంగళవారం పోయిన మనిషి తోడు కోరుతుందని పాడె బొంగుకు ఒక కోడిపిల్లను కట్టారు. అది గోదావరి దాకా అరుస్తూనే ఉంది. ఒడ్డున, బిడ్డను వేరు చేయనిదే దహనం కుదరదన్నారు. చేశారు. నేనక్కడే ఉన్నాను. దాని గురించి ఇంతకుమించి రాయను.

పదకొండో రోజు, పెద్దదినం నాడు మీ పందిట్లో రెండో బంతిలో ఎవరో, “గారెలు మంచిగ కాలినయి, ఇంకో రెండెయ్యుండ్రి” అన్నారు. మాంసం కూర తిన్న చేత్తోనే ఒకాయన నా భుజం తట్టి, “మగోనివి, నీకేంది” అన్నాడు. ఆ చొక్కా రెండుసార్లు ఉతికాను. జిడ్డు పోలేదు. నిన్న పొయ్యిలో పెట్టాను.

ఒక్కటే అడుగుతున్నాను. సోమవారం సాయంత్రం రక్తం మొదలైందన్నారు. మంగళవారం పొద్దుటినుంచి నేను వచ్చేదాకా మీ ఇంట్లో ఏం జరిగింది? జీపు ఎందుకు రాలేదు?

రాజేశ్వర్‌రావు

—

మంథని,
5 ఆగస్టు 1965.

బావగారికి జలపతిరావు దండాలు.

నేను చెప్పింది చెప్పినట్టె రాయమన్న అనసూర్యను. నాది నిజాం నాటి ఉర్దూ చదువు, మీ అసుంటి బీయెస్సీ తెలుగు నాకు రాదు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివిచ్చుకొని ఇన్న. కన్నతల్లి గద, మా అవ్వ కొంగు నోట్ల కుక్కుకున్నది. గారెల ముచ్చట రాసిండ్రు. గారెలు పెట్టకుంటె నలుగురు ఏమంటరు బావా? జలపతిరావు చెల్లెను ఊకెనె సాగదోలిండు అంటరు. పెడితె మీరు గిట్లంటరు. నేనెటు పోవాలె?

జీపు సంగతి. రాలే. వానకాలం, తొవ్వలు మంచిగ లెవ్వు. గంతకు మించి నాకు తెల్వది. దాని ఆయుష్షు గంతనె.

ఇంకో ముచ్చట. మీరు పుట్టిన తారీకు, టైము, ఊరు జర ఒక కాయితం మీద రాసి పంపుండ్రి. పెండ్లప్పటి మీ జాతకం నకలు నా దగ్గర ఉండె, చెదలు పట్టింది. ఎందుకని అడగకుండ్రి. మల్ల చెప్త. ఒక్కరె ఉన్నరు, పానం పదిలం.

జలపతిరావు

బావా, ఇక్కడినుంచి అన్న చెప్పింది కాదు. మడత లోపల నేను రాస్తున్నాను. అక్క ఆ రోజు అడిగింది కుజుడి బొమ్మ సంగతి. అమెరికావాళ్ల రాకెట్టు జూలై పదిహేనుకు కుజుడి పక్కనుంచి పోతుందని, ఫొటోలు తీస్తుందని మీరు జూన్‌లో రాసిన ఉత్తరం ఆమె దిండు కింద ఉండె. ‘రాలేదు’ అని మీరు చెప్పింది నిజమే, రెండు రోజులు తక్కువైనయి. పేపరులో వచ్చి ఉంటే ఒకటి పంపండి. అక్క బొమ్మలు అంటించే పుస్తకం నా దగ్గరే ఉంది. ఒక పేజీ ఖాళీ వదిలింది.
అనసూర్య

—

ఆసిఫాబాద్,
17 ఆగస్టు 1965.

బావగారికి,

పుట్టిన తారీకు ఎందుకో చెప్పండి. చెబితే పంపేదీ లేనిదీ ఆలోచిస్తాను.

కవరులో ఒక బొమ్మ పెట్టాను. పేపరులో వచ్చింది మసి గుడ్డలా ఉంది. హైదరాబాదు నుంచి బడికి వచ్చే ఇంగ్లీషు పత్రికలో బాగా వచ్చింది. ఆ పేజీని బ్లేడుతో కోశాను. పంతులు చేయకూడని పని. చేశాను.

ఇది అంగారకుడి బొమ్మ. పురోహితులు కుజుడనేది దీన్నే. నౌక తీసిన ఇరవై రెండింటిలో ఇది పదకొండోది. దాదాపు ఎనిమిది వేల మైళ్ల దూరంనుంచి తీసింది. అనసూర్యా, ఎలా ఉందో అన్నయ్యకు నీవే చెప్పు. అంతటా గుంటలు. పెద్ద గుంట అంచు మీద చిన్న గుంటలు. అక్కడ కాలువలున్నాయని, ఎవరో తవ్వి ఉంటారని పుస్తకాల్లో చదివి పదేళ్లుగా పాఠం చెప్పాను. ఒక్క కాలువ లేదు. నీళ్లు లేవు. మొదటిసారి చూసినప్పుడు, దీనికోసమా ఇంతమంది ఇన్ని వేల ఏళ్లు తల పైకెత్తి దండం పెట్టింది అనిపించింది.

మీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. ఇలాంటి బొమ్మలంటే సరళకు పిచ్చి. 1959లో రష్యావాళ్ల నౌక చంద్రుడి వెనకవైపు బొమ్మ తీస్తే, దాన్ని పేపరులోంచి కత్తిరించి గంజితో అంటించి కింద రాసింది: ‘ఎనకకెళ్లి చూస్తే చంద్రుడు గూడ బట్టతలోడే.’ పోయిన ఏడు అమెరికావాళ్లది చంద్రుడి మీద పడుతూ పడుతూ దగ్గరి బొమ్మలు పంపింది. దాని కింద, ‘దగ్గరికి పోతే ఎవ్వని మొకమైనా గింతే’ అని రాసింది. కుజుడి దగ్గరికి నౌక పోతోందని నేను చెప్పిన రోజు నుంచి ఆ పేజీ ఖాళీ ఉంచింది. “నా ఎనిమిదో ఇంట్ల పుట్టినసంది కిరాయి లేకుంట కూసున్నోడు. వాని మొకం ఒక్కసారి చూడాలె” అనేది.

ఆమె జాతకంలో ఎనిమిదో ఇంట కుజుడున్నాడని, ఆ దోషం మీరు మా వాళ్లకు చెప్పలేదని పెళ్లయిన నెలకే నాతో చెప్పింది. నాకు పట్టింపు లేదు, అందుకే మిమ్మల్ని అడగలేదు. ఇప్పుడు అతని ముఖం పంపుతున్నాను. అది రాయి. మంథనిలో ఎవరి ఆయుష్షు ఎంతో దానికి తెలియదు.

మళ్లీ అడుగుతున్నాను. జీపు ఎందుకు రాలేదు?

రాజేశ్వర్‌రావు

—

మంథని,
30 ఆగస్టు 1965.

బావగారికి జలపతిరావు దండాలు.

బొమ్మ ముట్టింది. “ఎట్లున్నదే?” అని అనసూర్యనడిగిన. “సర్వపిండి రొట్టె తీర్గ ఉన్నదన్నా, ఏళ్లతోని బొక్కలు పెట్టినట్టు” అన్నది. మా అవ్వ పొయ్యికాడికెళ్లి, “మంచిగ కాలిందా, మాడిందా?” అన్నది. “బూడిద రంగుకున్నదవ్వా” అంటె, “అయితె మాడిందె” అన్నది. సరళ పోయినంక మా ఇంట్ల నవ్వు ఇనబడ్డది గప్పుడే.

నేనైతె నమ్మలే. కుజుడంటె ఎర్రగ పగడం లెక్క ఉండాలె. బూడిద రంగు కుజుడేంది? ఎందుకైనా మంచిదని కైలాసం పంతులుకు చూపిచ్చిన. ఆయన కండ్లకద్దుకున్నడు. “జలపతీ, గీత గీసిన పటానికి చేసిన పూజ వేరు, సొంతంగ ఆయన నీడనె దొరికినంక చేసిన పూజ వేరు. గీ భాగ్యం మా తాతలకు గూడ దొరకలే” అన్నడు. పోయిన మంగళారం ఎర్రగుడ్డ పరిచి, మీ బొమ్మ పెట్టి, కుంకుమబొట్టు పెట్టి, కందులు పోసి శాంతి చేయించిన. చూడనీకె వాడకట్టంత వచ్చింది. మీ పుణ్యమె.

ఇగ అసలు ముచ్చట. సరళ దోషం మీకు తెల్సే ఉన్నదన్నరు, మంచిదాయె, నా మీది బరువు దిగింది. నేనొకటి చెప్త ఇనుండ్రి. మీ జాతకంల గూడ ఎనిమిదింటనె కుజుడు. గందుకనె పది సంబంధాలు చూసి మీకిచ్చిన. దోషానికి దోషం చెల్లు అన్నరు పెద్దలు. కని మీదాని బలం ఎక్కువైనట్టున్నది, నా చెల్లె తట్టుకోలే. మిమ్ముల తప్పు పడతలేను. గ్రహం అది. తారీకు అడిగింది గందుకె, బలం ఎంతనో చూపిద్దమని. ఇగ దాంతోని పని లేదు. శాంతి అయిపోయింది.

అనసూర్యకు గూడ ఏడింట కుజుడున్నడు. పందొమ్మిదేండ్లు దాటినయి. బయటోళ్లెవ్వరు చేసుకుంటరు? మీకా, అన్నం వండి పెట్టే దిక్కు లేదు. అక్క జాగల చెల్లె, లోకంల లేనిదా? కార్తీకంల కానిద్దం. గీ ఉత్తరం గూడ ఆమెనె రాస్తున్నది. తల వంచుకొని రాస్తున్నది, మారు మాట అంటలేదు. ఇగ ఒప్పుకున్నట్టె గద.

జలపతిరావు

బావా, నేను ఒప్పుకోలేదు. అన్న చెప్పుతుంటే రాస్తున్నా, అంతే.

జీపు వచ్చింది. పొద్దున తొమ్మిదింటికి డాక్టరే మాట్లాడి తెచ్చిండు. డ్రైవరు బుచ్చిరాములు. వెనక సీటు మీద బొంత నేనే పరిచిన. అక్క నా భుజం పట్టుకొని నడిచి గడప దాకా వచ్చింది. అన్న గడపకు అడ్డం నిలబడి, “మంగళారం ఆడబిడ్డను ఇంట్లకెళ్లి పంపుతరా ఎవలన్న? లచ్చిమిని ఎల్లగొట్టినట్టు! రేపు బుధారం, తెల్లారంగనె తీస్కపోదం” అన్నడు. డాక్టరు, “రేపటిదాకా ఆగే కేసు కాదండీ” అన్నడు. “నువ్వు మందు సంగతి చెప్పు, మా ఇంటి రివాజు నీకెందుకు?” అన్నడు అన్న. అప్పుడు అక్క అన్నది: “అన్నా, నేనేం అత్తగారింటికి పోతలేనే. దవఖానకు పోతున్న.”

అన్న కదలలేదు. అవ్వ ఏమనలేదు. నేనూ ఏమనలేదు. బుచ్చిరాములు అరగంట ఆగి జీపు తీసుకొని పోయిండు.
అనసూర్య

—

ఆసిఫాబాద్,
9 సెప్టెంబరు 1965.

జలపతిరావు గారికి,

అనసూర్యా, ఇది ప్రతి అక్షరం చదువు. ఒక్కటీ విడవవద్దు.

జీపు వచ్చిందని తెలిసింది. ఎవరు చెప్పారని అడగవద్దు. వీధిలో అరగంట నిలబడిన జీపును మీ వాడకట్టంతా చూసింది.

మీకు బొమ్మ పంపాను కదా. అది ఎలా వచ్చిందో చెబుతాను. నౌక బొమ్మను ముందు లోపల దాచుకుంటుంది. తర్వాత ఒక్కొక్క చుక్కను ఒక్కొక్క అంకెగా పంపుతుంది. అలా ఒక్క బొమ్మ భూమికి చేరడానికి ఎనిమిదిన్నర గంటలు పడుతుంది. వచ్చిన దూరం పదమూడు కోట్ల మైళ్లు.

జీపు తొమ్మిదింటికి వచ్చింది. సరళ అయిదున్నరకు పోయింది. అది కూడా ఎనిమిదిన్నర గంటలే. మంథని నుంచి కరీంనగర్ నలభై మైళ్లు.

ఈ లెక్క నేను వేయాలని వేయలేదు. తరగతిలో బోర్డు మీద ఒకటి రాస్తుంటే రెండోది దానంతట అది పక్కన వచ్చి నిలబడింది. సుద్ద కింద పెట్టి బయటికి వచ్చి వాంతి చేసుకున్నాను. ప్రధానోపాధ్యాయుడు, “ఎండ దెబ్బ” అన్నాడు. 

మీరు ఆ బొమ్మకు కుంకుమ పెట్టారు. దానికి కందులు పోశారు. మంగళవారం కుజుడి వారమే. ఆమెను ఏ పేరు చెప్పి గడప దాటనీయలేదో, ఆ పేరు మీద నేను పంపిన బొమ్మకే పూజ చేసి, నాకు పెళ్లి కుదిర్చారు. మూఢత్వమైతే క్షమించవచ్చు. మీరు రాసిన దాంట్లో ఒక సంతోషం ఉంది. అది నాకు రోత పుట్టించింది.

అనసూర్యను నేను చేసుకోను. ఆ మాట ఆ పిల్ల చేతే రాయించారు. అన్నగా మీరు చేసిన పనుల్లో ఏది ఎక్కువ నీచమో నాకు తేలడం లేదు.

రాజేశ్వర్‌రావు

—

మంథని,
27 సెప్టెంబరు 1965.

రాజేశ్వర్‌రావు గారికి,

అవును, జీపొచ్చింది. నేనె ఎనకకు పంపిన. రాలేదని అబద్ధమాడిన. చాలునా?

మా అవ్వ కాన్పు గూడ గిట్లనె కష్టమైతె మంగళారం కదలనియ్యలే మా బాపు. బుధారం నాడు నేను పుట్టిన. బతికిన. గదే నాకు తెల్సిన లెక్క. మీ కోట్ల మైళ్ల లెక్క నాకు రాదు.

నన్ను నీచుడన్నరు. మీరు పెద్ద సదువరి గద, ఒకటి అడుగుత చెప్పుండ్రి. రెండేండ్ల కింద సరళ మా ఇంట్ల జరంతోని ఉంటె తీస్కపోతనని మంగళారం నాడె వచ్చిండ్రు. మా అవ్వ వద్దంటె ఏమన్నరు? “సరే అత్తమ్మా, నాకేంది, ఇంకో రెండు పూటలు మీ చేతి వంట తింట” అని నవ్వుకుంట కాళ్లు కడుక్కొని కూసున్నరు. బుధారం పోయిండ్రు. గప్పుడు మీ సైన్సు యాడ పండుకున్నది? మీరు గప్పుడె “మంగళారం ఏంది, మన్నేంది” అని చెయ్యి పట్టి తీస్కపోయి ఉంటె, గా దినం నేను గడపల నిలవడుదునా? మీరు నవ్విండ్రు. నేను నమ్మిన. ఎవ్వలిది పెద్ద తప్పు?

నా చెల్లె అది. చిన్నప్పుడు నేనె ఎత్తుకొని తిప్పిన. మీకు ఎనిమిదేండ్లు, నాకు ఇరవై ఎనిమిదేండ్లు. కండ్లకు పొరలు వచ్చినయి గని ఏడుపు బందు గాలే.

అనసూర్యను చేసుకోనంటె మానె. చెన్నూరుల ఒకాయన ఉన్నడు. ఏబై దాటినయి, ఇద్దరు పెండ్లాలు పోయిండ్రు. ఆయనకు గూడ దోషమున్నది, ఈమెకు సరిపోతది. దీపావళికి ముందట పసుపుకుంకుమలు పెట్టుకుంటనన్నడు. ఊ అన్న. మీరు చేసుకోరు, ఇంకొకలకిస్తె మల్ల నీచమంటరు. పిల్ల ఏం గావాలె?

జలపతిరావు

బావా,

మీ ఉత్తరం మొత్తం చదివిన. ‘నీచం’ అన్న కాడ ఆగిన. అన్న, “సదువు” అన్నడు. చదివిన. అన్న గోడ దిక్కు తిరిగి కూర్చున్నడు. తర్వాత, “సర్లే, కలం తీయి” అన్నడు.

మీరు నన్ను చేసుకోనని రాసినందుకు మనసు నిమ్మళమైంది. కానీ మీరు కాదంటే సరిపోలేదు. చెన్నూరు ఆయన పోయిన ఆదివారం వచ్చి నన్ను చూసిండు. పళ్లు కుట్టుకుంటూ, “పని చేస్తదా?” అని అవ్వనడిగిండు. అవ్వ, “మీ ఇద్దరు పెండ్లాలు పని చెయ్యకనె పోయిండ్రా?” అన్నది. ఆయన నవ్విండు. అదే నాకు భయమైంది.

మెట్రిక్ పాసయినప్పటి మా టీచరమ్మ గంగుబాయి వరంగల్ ఆసుపత్రిలో నర్సు శిక్షణకు దరఖాస్తు తెచ్చిచ్చింది. అక్టోబరు పదిహేను శుక్రవారం ఇంటర్వ్యూ. సంరక్షకుడి సంతకం లేకుంటే కూర్చోనివ్వరు. అన్ననడిగితే, “మంది మైల కడిగే కొలువా? ఇంతకన్న పాకీ పని నయం” అన్నడు.

ఆ రోజు అక్క బట్టలు పిండింది నేనే. అందరూ ముక్కులు మూసుకున్నరు. నాకు అసహ్యం కాలేదు. ఏం చేయాలో తెలియకనే ఏడ్చిన. తెలిసి ఉంటే ఏడవకపోదును. అది నేర్చుకోవాలె.

అవ్వకు చెప్పిన. బియ్యం ఏరుతూనే, “మంగళారం ఇల్లు దాటద్దంటిరి. సచ్చేటందుకు మాత్రం వారం అడ్డం రాలె. నువ్వు పో. నేను ఎంబడొస్త, ఎవ్వలేమంటరో చూస్త” అన్నది.

పూజలో పెట్టిన బొమ్మను కైలాసం పంతులు తన ఇంటికి తీసుకుపోతానన్నడు. ఇవ్వలేదు. కుంకుమ అంటుకొని ఉన్నా అట్లనే అక్క పుస్తకంలో అంటించిన. కింద ఏమీ రాయలేదు. నాకు ఆమె లెక్క రాదు.

ఈ ఉత్తరంలో అన్న చెప్పినది ఏదీ విడవలేదు.
అనసూర్య

—

పెద్దపల్లి,
13 అక్టోబరు 1965, సాయంత్రం.

జలపతిరావు గారికి,

ఈ ఉత్తరం టపాలో వేయడం లేదు. వేస్తే అనసూర్య చదవవలసి వస్తుంది. ఆ పిల్ల చేత చాలా చదివించాం, రాయించాం. నోటితో చెప్పబోతే నాకు కోపం వస్తుంది, మాట తప్పుతుంది. అందుకే పెద్దపల్లి స్టేషను బల్ల మీద కూర్చొని రాసుకుంటున్నాను.

మీరు అడిగిన నా పుట్టిన తారీకు చెబుతాను. నాకు తెలియదు.

బడిలో చేర్పించిన రోజు మా బాపు నా వయసు ఆరో ఏడో అన్నాడు. మౌల్వీ సాబు రిజిస్టరులో, పుట్టిన తారీకు అన్నచోట, నిజాం క్యాలెండరు లెక్కన ‘1 అమర్దాద్ 1338 ఫస్లీ’ అని రాసుకున్నాడు. ఆ రోజు చేరిన పదకొండుమందికీ అదే తారీకు రాశాడు. వేరువేరుగా రాయడానికి ఆయనకు ఓపిక లేదు. మా తరగతిలో కుమ్మరి దేవదాస్‌కు అదే పుట్టినరోజు, కోమటి హనుమండ్లుకు అదే, నాకూ అదే. నా పెళ్లప్పుడు మీరు జాతకం అడిగితే మా బాపు ఆ బడి తారీకునే ఇంగ్లీషు తారీకులోకి మార్చి, తోచిన వేళ ఒకటి చేర్చి సిద్ధాంతి చేతిలో పెట్టాడు. మీరు పది సంబంధాలు వడపోసి పట్టుకున్న ఎనిమిదో ఇంటి కుజుడు మౌల్వీ సాబు కలంలోంచి వచ్చాడు. మేం పదకొండుమందిమీ పెళ్లాలను చంపుకోవలసినవాళ్లమే. మిగిలిన పదిమంది కట్టుకున్న ఆడవాళ్లు, నాకు తెలిసినంతలో, బతికే ఉన్నారు.

ఈ సంగతి సరళకు చెప్పాను. ఆమె తన దోషం చెప్పిన రోజే చెప్పాను. కళ్లవెంట నీళ్లు వచ్చేదాకా నవ్వింది. “మా అన్న గింత కష్టపడి దాచిపెట్టిన కుజునికి దొంగ కుజుని తెచ్చిండు” అన్నది. మీకు చెబుదామా అంటే, “వద్దు, పాపం నిద్రపోడు” అన్నది. చెప్పలేదు. ఎనిమిదేళ్లు మీరు వచ్చినప్పుడల్లా, మీరు పంచాంగం తీసినప్పుడల్లా మేమిద్దరం ఒకరినొకరు చూసుకొని నవ్వు ఆపుకునేవాళ్లం. అది మాకు వేడుకగా ఉండేది.

రెండేళ్ల కిందటి మంగళవారం గురించి మీరు రాసింది నిజం. కాళ్లు కడుక్కొని కూర్చున్నాను. రెండు పూటలు తిన్నాను. నాకు నమ్మకం లేదు కనుక నాకు నష్టం లేదనుకున్నాను. మీ నమ్మకం మీ ఇంట్లో ఎవరి ప్రాణం మీద కూర్చుందో చూడలేదు. మీకు నేను వాడిన మాట వెనక్కి తీసుకోను. కానీ అది రాసిన కాగితం మీద నా పేరు కూడా ఉండవలసింది. మిమ్మల్ని తలుచుకుంటే పుట్టే రోత రోజులో కొంతసేపు ఉంటుంది. నన్ను తలుచుకుంటే పుట్టేది తిండి దగ్గర కూడా పోవడం లేదు.

దోషానికి దోషం చెల్లు అన్న మీ లెక్కలో ఇక నేను లేను. చెన్నూరు ఆయన జాతకం ఏ రిజిస్టరులోంచి వచ్చిందో మీరు అడగలేదు. అడిగినా ఆ పిల్లను అతనికి ఇవ్వనివ్వను. ఆమెకు మెజారిటీ వచ్చింది. ఆమె తల్లి ఆమెతో వస్తోంది. ఊరివాళ్లు పెళ్లాం పోయిన మూడు నెలలకే మరదలిని లేవదీసుకుపోయాడంటారు. ఆసిఫాబాద్‌లో ఇప్పటికే ఒకరు నవ్వుతూ కనుబొమలెత్తి, “కుదిరిందటగా?” అన్నారు. అననీ.

మిమ్మల్ని గడప దగ్గర నిలబడవద్దని అడగడం లేదు. నిలబడాలనుకుంటే నిలబడండి. ఈసారి మాట్లాడకుండా ఊరుకోవడానికి నేను రావడం లేదు.

రేపు పొద్దున మొదటి బస్సుకు మంథని వస్తాను. ముందు ఈ ఉత్తరం మీకు నేనే చదివి వినిపిస్తాను. తర్వాత అనసూర్య దరఖాస్తు మీ ఎదుటే పరిచి, సంరక్షకుడు అన్నచోట సంతకం పెడతాను. చుట్టరికం అన్న గడిలో ‘అక్క భర్త’ అని రాస్తాను.

రాజేశ్వర్‌రావు